కౌసల్యమ్మ గేటు దగ్గర అన్న మాట

కౌసల్యమ్మకు అంటురోగం అని మా సందులో పుట్టిన మాట అబద్ధం. టీబీ అని కొందరు, అంతకన్నా పైకి చెప్పుకోకూడనిదని కొందరు, ఆవిడ తాగిన గ్లాసును కోడలు విడిగా పెడుతోందని ఇంకొందరు అన్నారు. ఏదీ నిజం కాదు. ఆ మాట ఏ మలక్‌పేటలోనో పుట్టి గాలికి ఎగిరివచ్చింది కూడా కాదు. కొత్తపేటలో, మెట్రో పిల్లర్ల పక్కన దిగిన ఈ సందులోనే, మూడో ఇంటి వేదవతమ్మ నోట్లో పుట్టింది. దాన్ని తలా కాస్త మోసినవాళ్ళం కాబట్టి అది ఎలా పుట్టిందో అందరం తెలుసుకోవలసిందే.

కౌసల్యమ్మది నకిరేకల్ దగ్గర పల్లె. పెళ్ళయిన నాలుగేళ్ళకు భర్త సీతారాములుతో కలిసి బత్తాయిల లారీ ఎక్కి ఇక్కడి పండ్ల మార్కెట్‌కు వచ్చింది. లారీ తిరిగి వెళ్ళిపోయింది, వీళ్ళు ఉండిపోయారు. ఆయన హమాలీ పని. ఆవిడది కాయలు ఏరే పని. రాశి ముందు కూర్చుని కాయను ఇలా చేతిలోకి తీసుకుని అలా విడిచేది. ఆ మధ్యలోనే అది రసమున్న కాయో, ఉత్త బెండో, రెండు రోజుల్లో మురిగేదో ఆ చేతికి తెలిసిపోయేది. ముప్పై ఏళ్ళు అదే పని చేసింది. సీతారాములు పోయాడు. కొడుకు మహేందర్ ఆటో నడపడం మొదలుపెట్టాడు. కోడలు యాదలక్ష్మి ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. మార్కెట్ ఊరవతలికి తరలిపోయాక కౌసల్యమ్మ ఇంటిపట్టున ఉండిపోయింది.

ఆ ఇంట్లో ఒక మూల ఎల్లమ్మ గద్దె ఉంది. పసుపు పూసిన చిన్న అరుగు, ఇత్తడి చెంబు, వేపమండ, దీపం. చెంబు పక్కన డబ్బాలో బండారి. బండారి అంటే మరేం కాదు, అమ్మవారి ముందు పెట్టిన పసుపు. ఎప్పుడో ఒక ఏడాది పక్క హాస్టలు పిల్లవాడు పరీక్షకు పోతూ భయపడి ఏడుస్తుంటే, కౌసల్యమ్మ ఇంత బండారి బొటనవేలితో వాడి నుదుటికి రాసి "పో బిడ్డా, అమ్మున్నది" అంది. వాడికి ర్యాంకు వచ్చింది. అంతే, దిల్‌సుఖ్‌నగర్ కోచింగులకు వచ్చే పిల్లలందరికీ ఆ గేటు తెలిసిపోయింది. పరీక్షల రోజు పొద్దున్నే నలుగురైదుగురు చెప్పులు విడిచి అక్కడ నిలబడేవారు. తప్పినవాళ్ళు మళ్ళీ వస్తే వాళ్ళకు ఇంకాస్త మందంగా రాసేది.

ఇక వేదవతమ్మ. తెనాలి వైపు మనిషి. చదువు ఐదో తరగతితో ఆగింది గాని, తెలుసుకోవడం ఎక్కడా ఆగలేదు. ఎవరింట్లో కుక్కరు ఎన్ని కూతలు వేసిందో, ఎవరి కొడుకు ఎన్ని గంటలకు ఇల్లు చేరాడో ఆవిడ దగ్గర ఉంటుంది. కౌసల్యమ్మకూ ఆవిడకూ ముప్పై ఏళ్ళ స్నేహం. ఒకరినొకరు వదినా అనుకుంటారు. సందులో ఎవరైనా ఏదైనా నలుగురికి తెలియాలని కోరుకుంటే కౌసల్యమ్మ నవ్వుతూ, "మైకు కిరాయి ఎందుకు దండుగ, మా ఒదినె చెవిలెయ్యి" అనేది. వేదవతమ్మ కూడా నవ్వేది. ఆ మాట తనకు పొగడ్తలాగే వినిపించేది.

మాఘమాసంలో కౌసల్యమ్మకు పేగులో గడ్డ అన్నారు. ఎల్బీనగర్ చౌరస్తా దాటాక ఉన్న ఒక ఆసుపత్రిలో ఆపరేషన్ చేశారు. పది రోజులకు ఇంటికి తీసుకొచ్చారు. వేదవతమ్మ మూడుసార్లు చూడబోయింది. మూడుసార్లూ యాదలక్ష్మి గడపలోనే నిలబడి, "అత్తమ్మ పండుకున్నది పెద్దమ్మా" అని పంపేసింది. ఎదురింట్లో ఉన్న మనిషి ఎలా ఉందో తనకు తెలియకపోవడం వేదవతమ్మకు అదే మొదలు. అన్నం సహించలేదు.

ఇంటర్ పరీక్షలు వచ్చాయి. వేదవతమ్మ మనవరాలు జ్యోతికకు ఆ రోజు ఇంగ్లీషు. బండారి వంక ఎటూ ఉంది కదా అని వేదవతమ్మ పిల్లను వెంటబెట్టుకుని ఏడున్నరకే గేటు తట్టింది. ఈసారి యాదలక్ష్మి రాలేదు. కౌసల్యమ్మే బయటికి వచ్చింది. వచ్చిందే గాని గేటు తీయలేదు. మనిషి సగమైపోయింది. ఆ ఎండలోనూ శాలువా కప్పుకుని, ఎడమ చెయ్యి లోపల పొట్టకు ఆనించి పట్టుకుని ఉంది. జ్యోతిక అలవాటు కొద్దీ నుదురు ముందుకు చాచింది.

"నాకు అంటున్నది ఒదినె. దగ్గరికి రాకు" అంది కౌసల్యమ్మ.

వేదవతమ్మ మనవరాలి చెయ్యి పట్టుకుని రెండడుగులు వెనక్కి లాగింది. లాగడమే కాదు, పమిట చెంగు తీసి ముక్కుకు అడ్డం పెట్టుకుంది. పిల్ల ముక్కుకు కూడా పెట్టబోతే అది విదిలించుకుంది. కౌసల్యమ్మ గేటు చువ్వ పట్టుకుని ఇంకాసేపు అలాగే నిలబడింది. ఆయాసం కాబోలు అనుకుంది వేదవతమ్మ. పరీక్షకు ఆలస్యమవుతోందని గొణిగి, వెనక్కి చూడకుండా వచ్చేసింది.

వేదవతమ్మకు ఫోనులో రాయడం రాదు. మాట్లాడి పంపుతుంది. సందు ఆడవాళ్ళ గ్రూపులో ఆ మధ్యాహ్నం ఆవిడ గొంతు ఇలా వినిపించింది: "అందరూ వినండమ్మా. కౌసల్యమ్మగారికి అంటుకునే జబ్బంట. ఆవిడే తన నోటితో చెప్పింది. పిల్లలున్న వాళ్ళు కాస్త జాగ్రత్త. నేను చెప్పానని మాత్రం అనకండి."

ఆ గ్రూపులో యాదలక్ష్మి లేదు.

తర్వాత జరిగినవన్నీ చిన్న చిన్నవే. నీళ్ళ క్యాన్లు వేసే ఆయన గేటు బయటే దించి పోవడం మొదలుపెట్టాడు. జాకెట్లు ఇచ్చినవాళ్ళు కుట్టకముందే వచ్చి గుడ్డ వెనక్కి తీసుకున్నారు. పై వాటాలో ఉండేవాళ్ళు మెట్ల మీద ఫినాయిల్ చల్లుకుంటూ దిగేవారు. లెక్కల పరీక్ష నాటికి ఆ గేటు ముందు ఒక్క పిల్లవాడూ నిలబడలేదు. వేదవతమ్మ అదంతా తన వాకిట్లోంచి చూసింది. చూసి, సమయానికి చెప్పబట్టి సరిపోయింది గాని, అని తనలో తాను అనుకుంది కూడా.

చైత్రం దాటుతుండగా ఒక సాయంత్రం యాదలక్ష్మి వేదవతమ్మ గడపలోకి వచ్చింది. లోపలికి రమ్మంటే రాలేదు. తన ఇంట్లో రోగం ఉందని ఊరంతా అంటుంటే తనెలా వస్తుంది. అత్తగారిని మళ్ళీ ఆసుపత్రిలో చేర్చారట. తిండి మానేసిందట. బలవంతంగా పెడితే దవడన ఉంచుకుని ఊసేస్తోందట. కోడలు సరిగ్గా పెట్టడం లేదేమోనన్నట్టు డాక్టరు ఒక చూపు చూశాడట.

"పెద్దమ్మా, ఈ సందుల నీకు తెల్వంది ఉండదు" అంది యాదలక్ష్మి. "మా అత్తమ్మకు అంటురోగమని ముందుగాల ఎవలన్నరో జర అర్సుకొని చెప్పు. నేనేం కొట్లాడ. ఒక్కపారి మొకం జూస్త, గంతే."

కనుక్కుంటానంది వేదవతమ్మ. ఆ పిల్ల చేతులు జోడించి వెళ్ళిపోయింది. వేదవతమ్మ లోపలికి పోయి, కూర్చుని, ఫోను తీసి, తను పంపిన మాటను వెతికి చెరిపేసింది. తర్వాత జ్యోతికను పిలిచి చెరిగిందో లేదో చూడమంది. జ్యోతిక చూసి, "నీ ఫోనులో ఒక్కదాంట్లోనే పోయింది అమ్మమ్మా. మిగతా అందరి దగ్గరా అలాగే ఉంది" అంది. అని ఊరుకుంటే బాగుండేది. "ఇంతకీ ఏం పంపావు?" అంది.

మర్నాడు వేదవతమ్మ సందు దగ్గరి విక్టోరియా మెమోరియల్ స్టేషన్లో మెట్రో ఎక్కి ఎల్బీనగర్లో దిగింది. దార్లో బండి మీద ఆరు బత్తాయిలు కొంది. ఆసుపత్రి మెట్ల దగ్గర ఒక మాస్కు పెట్టుకుంది. దాని మీద ఇంకోటి పెట్టుకుంది. ఇంత సిగ్గులోనూ ఆవిడలో ఒక ఆశ మిగిలి ఉంది. లోపల నిజంగానే టీబీ అంటే బాగుండును. అప్పుడు తను అన్నది నిజమవుతుంది. ముప్పై ఏళ్ళ స్నేహితురాలికి జబ్బు ఉండాలని తను కోరుకుంటోందని మూడో అంతస్తు ఎక్కేదాకా ఆవిడకు తట్టలేదు. తట్టాక, ఆయాసం మెట్ల వల్ల కాదని తెలిసింది.

వార్డు బయట సింధూర అనే నర్సు ఉంది. వేదవతమ్మ ఆ అమ్మాయిని పక్కకు పిలిచి, గొంతు తగ్గించి, టీబీయేనా అని అడిగింది. సింధూర ఆ రెండు మాస్కులను చూసి నవ్వు ఆపుకుంది.

"టీబీ ఏంది ఆంటీ, ఎవరన్నరు? ఆమెకు అంటుకునేది ఏం లేదు. పేగు కోసిండ్రు, పొట్ట మీద దారి పెట్టిండ్రు. మోషన్ సంచిలకు ఒస్తది. గంతే."

సింధూర మిగతాది కూడా చెప్పింది. రోజూ పొద్దున నొప్పి పదికి ఎంత అని అడుగుతారట. కౌసల్యమ్మ సున్నా అంటుందట. నిద్ర పడుతోందా అంటే పడుతోంది, మందులు వేసుకున్నావా అంటే వేసుకున్న. కాగితంలో ఉన్నవన్నీ అడుగుతారు, అన్నిటికీ సరిగ్గానే చెబుతుంది. చెప్పి, గోడ వైపు తిరుగుతుంది. సంచి ఖాళీగా ఉందా అని మాత్రం పూటకు పదిసార్లు తనే అడుగుతుందట. ఖాళీ అంటే ముఖం విప్పారుతుందట. ఆకలికని డాక్టరు టానిక్ రాశాడు. బరువు ముప్పై ఆరు కిలోలకు దిగింది. ముప్పై తొమ్మిదన్నా లేకపోతే తర్వాతి విడత మందు ఎక్కించరు. ఎక్కించకపోతే గడ్డ ఆగదు.

"ఆకలి లేక కాదు ఆంటీ" అంది సింధూర. "పక్క బెడ్డుకు అన్నం ఒస్తే వాసన జూస్తది. ఏందో ఉన్నది లోపల. మాకు చెప్తలేదు."

అప్పుడు తెలిసింది వేదవతమ్మకు. అంటు. ఈ సందులో ఎవరింట్లో పురుడొచ్చినా చావొచ్చినా అనే మాట అదే. మా ఇంట్ల అంటున్నది అంటారు. అన్నాక గుడికి పోరు, దీపం ముట్టరు, ఇంకొకరి పసుపు కుంకుమల జోలికి రారు. వేదవతమ్మ వైపు దాన్నే మైల అంటారు. ముప్పై ఏళ్ళలో ఆ మాటను ఆవిడ వందసార్లు వింది. కిందటేడు పక్కింట్లో చావు మైలకు "మీకు అంటు ఎప్పటిదాకా" అని తనే అడిగింది. తెలియక కాదు. ఆ పొద్దున భయం ముందు విన్నది, చెవి తర్వాత విన్నది.

రెండు మాస్కులూ తీసేసింది. ఎక్కడ పడేయాలో తోచక బొడ్లో దోపుకుంది.

కౌసల్యమ్మ కిటికీ పక్క మంచం మీద, గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. పిలిస్తే తల మాత్రం తిప్పింది. గుర్తుపట్టి, వెంటనే దుప్పటి పొట్ట మీదికి లాక్కుని, మంచం చివరికి జరగబోయింది. వేదవతమ్మ కుర్చీలో కూర్చోలేదు. మంచం మీదే కూర్చుంది. ఏం మాట్లాడాలో తెలియని స్థితి ఆవిడకు కొత్త. అందుకని తను తెచ్చిన చేతిసంచీలోంచి బత్తాయి తీసి చేతిలో పెట్టింది. కౌసల్యమ్మ చెయ్యి దానంతట అదే కాయను తూచింది.

"బెండు కాయ. మోసపోయినవ్" అంది.

ఇంకోటి ఇచ్చింది. అదీ బెండే, మూడోదీ అంతే. నాలుగోది చేతిలో ఆగింది.

"ఇండ్ల రసమున్నది."

వేదవతమ్మ దాన్ని ఒలిచి, ఒక తొన మీది పొర తీసి నోటి దగ్గర పెట్టింది. కౌసల్యమ్మ మూతి బిగించింది. తినదట. ఎందుకు తినవు వదినా అంటే కళ్ళు మూసుకుంది. కళ్ళు తెరవకుండానే చెప్పడం మొదలుపెట్టింది. తింటే సంచి నిండుతుంది. అది తనకు తెలియకుండానే నిండుతుంది, ఆపుకుందామంటే ఆగదు. నిద్రలో నిండుతుంది, దండం పెట్టుకుందామని చేతులు జోడిస్తే అప్పుడే నిండుతుంది. స్నానం చేసి మడి చీర కట్టుకున్నా పొట్ట మీద అది అలాగే వేలాడుతుంటుంది. ఆపరేషన్ అయిన దగ్గర్నుంచి ఎల్లమ్మ గద్దె ఉన్న మూలకు పోలేదు. దీపం యాదలక్ష్మి పెడుతోంది. తను పక్క గదిలో మంచం మీద కూర్చుని, ఆ వెలుతురు గోడ మీద పడుతుంటే చూసేది. రెండు రోజులు ఏమీ తినకుండా ఉంటే సంచి ఖాళీగా ఉంటుంది, అప్పుడు ఒక్కసారి పోయి చెంబు ముట్టుకోవచ్చునని మొదలుపెట్టింది. రెండో రోజు కూడా ఖాళీ కాలేదు. మూడో రోజు లేచి నిలబడలేకపోయింది.

"సూదులు గుచ్చిండ్రు, కోసిండ్రు, కుట్టిండ్రు. అన్ని ఓర్సుకున్న ఒదినె" అంది. "పురిటంటు పది దినాలు. సావంటు పదకొండు దినాలు. దీనికి దినాల్లేవు. గిట్లనే సస్తే, గీ అంటుతోనే అమ్మ ముంగటికి పోవాల్నా? పిల్లల నొసట బండారి పెట్టిన చేతులివి. ఇప్పుడు నా నొసట నేను పెట్టుకుంటందుకు కూడ పనికిరావు."

వేదవతమ్మకు శాస్త్రం తెలియదు. ఐదో తరగతి పుస్తకంలో ఇది లేదు. మైల పట్టడంలో తన పుట్టింటివాళ్ళు గట్టివాళ్ళు, ఎన్ని నియమాలో ఆవిడకు నోటికి వచ్చు. వాటిలో సంచి గురించి ఒక్కటీ లేదు. లేని నియమాన్ని ఈవిడ ఒంటరిగా కూర్చుని తనకు తానే రాసుకుంది.

"సంచిలో ఉన్నది నా కడుపులో లేదా?" అంది చివరికి. "నేను రోజూ మోసుకునే గుడికి పోతున్నాగా. నీది బయటికి కనబడుతోంది, నాది కనబడదు. అమ్మవారికి లోపలిది కనబడదా ఏంటి?"

తొన నోటికి ఆనిస్తే కౌసల్యమ్మ ఈసారి మూతి బిగించలేదు. ఒకటి తింది. రెండోది తింది. మూడోది నములుతుండగా దుప్పటి కింద సంచి గుడగుడమని పెద్ద చప్పుడు చేసింది. పక్క మంచం ఆవిడ ఇటు తిరిగి చూసింది. కౌసల్యమ్మ ముఖం అంతా ముడుచుకుపోయింది. వేదవతమ్మను అవతలికి నెట్టబోయింది. వేదవతమ్మ చెయ్యి పమిట చెంగు మీదికి పోయింది. పోయిన సంగతి తనకే తెలిసింది. ఆ చేతిని అక్కడి నుంచి తీసి, దుప్పటి మీద, ఆ సంచి ఉన్నచోటే పెట్టింది. వెచ్చగా ఉంది. చంటిపిల్ల పొట్టలాగా ఉంది. నాలుగో తొన రెండో చేత్తో పెట్టింది.

కాయ అయిపోయాక ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. తనే గ్రూపులో చెప్పానని, అంటురోగమని తనే అన్నానని, జాకెట్ల గుడ్డలు వెనక్కి పోవడం, నీళ్ళ క్యాన్లు గేటు బయట దిగడం అన్నీ తన నోటి పనేనని, తల వంచుకుని, ఒక్కో ముక్కా చెప్పింది.

"ఎరికే" అంది కౌసల్యమ్మ. "పై వాటాల ఆమె ఫోను గట్టిగ పెట్టుకొని ఇన్నది. కిటికీలకెల్లి నాక్కూడ ఇనొచ్చింది. నీ గొంతు నాకు తెల్వదా?"

"యాదలక్ష్మికి చెప్పావా?"

"చెప్పలె. పొల్ల ఆగమైతది. నిన్ను పెద్దమ్మ పెద్దమ్మ అంటది."

బొడ్లో దోపుకున్న మాస్కులు వేదవతమ్మకు గుచ్చుకుంటున్నాయి. ఇంటికి పోయి అదే గ్రూపులో అదే గొంతుతో ఉన్న మాట చెప్పాలి. యాదలక్ష్మి అడిగిన మొకం తనదేనని ఆ పిల్ల ముందు నిలబడాలి. అవి చేస్తుంది. కానీ ఒక్కటి అడక్కుండా లేచి వెళ్ళడం ఆవిడ వల్ల కాలేదు. అందరి సంగతీ అడిగే మనిషి, అడగవలసిన ఒక్కదాన్నీ ఇన్నాళ్ళూ అడగలేదు.

"ముప్పై ఏళ్ళ నుంచి ఎదురెదురుగా ఉన్నాం వదినా. డాక్టరుకు చెప్పుకోలేకపోయావు, కోడలికి చెప్పుకోలేకపోయావు, సరే. నాకెందుకు చెప్పలేదు?"

కౌసల్యమ్మ బత్తాయి తొక్కును అరచేతిలో మడిచి, విప్పి, మళ్ళీ మడిచింది.

"చెప్పిన గద ఒదినె. అందరికన్న ముందుగాల నీకే చెప్పిన. అంటున్నది, దగ్గరికి రాకు అన్న. అదేం లేదు తియ్యి, గేటు తియ్యి అని నువ్వంటవేమోనని చువ్వ పట్టుకొని జరసేపు నిలవడ్డ."